అమ్మిన మూడెకరాలు, మిగిలిన రెండెకరాలు

ప్రశ్న: మాది గుడ్లూరు మండలంలో ఒక పల్లె. నాకు యాభై ఏడేళ్లు. 2016లో పొగాకు అప్పులు తీర్చడానికీ, ఇంజనీరింగు చదువుతున్న మా అమ్మాయి ఫీజు కట్టడానికీ ఉన్న ఐదెకరాల్లో మూడెకరాలు అమ్మేశాను. రామాయపట్నంలో పోర్టు వస్తుంది, ఆగమని మా తమ్ముడు అప్పట్లో ఒకటి రెండుసార్లు అన్నాడు. వాడు తన వాటా అమ్మలేదు. ఇప్పుడు అక్కడి ధర నేను అమ్మిన ధరకు ఎన్నో రెట్లు. పెళ్లికి వెళ్లినా, కర్మకు వెళ్లినా ‘ఆగి ఉంటే నీ దశ తిరిగేది’ అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టదు. మిగిలిన రెండెకరాల మామిడి తోటకు ఇప్పుడు బేరం వచ్చింది. ఒకసారి బయానా తీసుకుని నాలుగు రోజులకే తిరిగి ఇచ్చేశాను. రెండో బేరం వాళ్లు సంక్రాంతిలోగా తేల్చమంటున్నారు. అమ్మితే మళ్లీ పొరపాటు చేస్తానేమో, అమ్మకపోతే ఇంత ధర మళ్లీ రాదేమో అని భయం. మొన్న మా అమ్మాయి వచ్చినప్పుడు నోరు జారి ‘నీ చదువుకే కదా ఆ పొలం పోయింది’ అన్నాను. అప్పటి నుంచి బ్యాంకులో అప్పు తీసి నాకు పొలం కొనిపెడతానంటున్నది. తీసుకున్న నిర్ణయంతో మనిషి ప్రశాంతంగా ఉండటం ఎలా?

— ఒక పాఠకుడు

సమాధానం: అయ్యా, నమస్కారం. మీ ఉత్తరం పొలం గురించి మొదలై పొలం గురించే సాగింది. నన్ను మాత్రం చివర్లో మీరు ఒక్క మాటగా చెప్పి వదిలేసిన మీ అమ్మాయి సంగతి ఎక్కువగా కలవరపెట్టింది. దాని దగ్గరకు తప్పకుండా వస్తాను. అయితే అమ్మిన మూడెకరాల లెక్క మీ మనసులో తేలనిదే మిగిలిన రెండెకరాల విషయంలో మీ చేయి సంతకానికి గానీ, కాదనడానికి గానీ ముందుకు రాదు కాబట్టి ముందు 2016కు వెళదాం.

ఆ ఏడు మీ ఇంట్లో పరిస్థితి ఏమిటో మీరు రెండు మాటల్లో ముగించారు. ‘పొగాకు అప్పులు’ అన్నారు, అంతే. ఆ రెండు మాటల వెనుక ఏమున్నదో ప్రకాశం జిల్లా పొగాకు రైతును ఎరిగిన వారికి తెలుసు. 2015లో పొగాకు ధర పడిపోయింది. వేలం కేంద్రాలకు తీసుకువెళ్లిన బేళ్లు కొనేవారు లేక నోబిడ్ అయి అదే ట్రాక్టరులో ఇంటికి తిరిగి వచ్చాయి. ఆకు కాల్చే బ్యారన్ల మీద పెట్టిన పెట్టుబడి రాక, కౌలు కట్టలేక, మన జిల్లాలో కొందరు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ మరుసటి ఏడాది మీరు పొలంలో కొంత అమ్మి అప్పు తీర్చి, ఇల్లు నిలబెట్టి, బిడ్డ చదువు ఆగకుండా చూశారు. ఆనాటి మిమ్మల్ని ఈనాటి మీరు తెలివితక్కువ వాడని నిందిస్తున్నారు. నాకు మాత్రం ఆనాటి మీలో, ఊళ్లో చావు వార్తలు వింటూ కూడా నిబ్బరం కోల్పోకుండా, ఏది పోయినా ఏది మిగలాలో చూసుకున్న మనిషి కనిపిస్తున్నాడు.

‘ఆగి ఉంటే’ అనేవారు ఒక లెక్క ఎప్పుడూ వేయరు. ఆగడం ఉచితంగా జరిగే పని కాదు. మీ అప్పు ఎంతో, వడ్డీ ఎంతో మీరు రాయలేదు కాబట్టి ఉదాహరణకు చెబుతాను. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు తెచ్చిన మనిషి ఏడాదికి 2 లక్షల 40 వేలు వడ్డీ కట్టాలి. ఆరేళ్లు ఆగితే వడ్డీయే 14 లక్షల 40 వేలు అవుతుంది, అదీ వడ్డీ మీద వడ్డీ వేయకుండా. అసలుతో కలిపితే 24 లక్షలు దాటుతుంది. ఈ ఆరేళ్లూ అప్పులవాళ్లు గుమ్మం ముందుకు రాకుండా ఉంటారా, అమ్మాయి మూడో ఏడు ఫీజు కట్టకపోతే కళాశాల పరీక్ష రాయనిస్తుందా, ఒత్తిడి తట్టుకోలేక మధ్యలో ఇంకా తక్కువ ధరకు అమ్ముకోవలసి వచ్చేది కాదా అన్న ప్రశ్నలు పెళ్లి పందిట్లో కూర్చుని మాట్లాడేవారికి గుర్తుకు రావు. మీ తమ్ముడు ఆగగలిగాడంటే ఆయనకు ఆగే వీలు ఉన్నది. మీకు లేదు. ఇందులో తెలివి తేడా కన్నా పరిస్థితి తేడా ఎక్కువ.

పోర్టు వస్తుందని తమ్ముడు చెప్పాడు కదా అని మీరు అడగవచ్చు. చెప్పాడు, నిజమే. రామాయపట్నం పేరు అంతకు ముందు కూడా చాలా ఏళ్లుగా వినిపిస్తూనే ఉన్నది. కానీ 2016 నాటికి కాగితం మీద ఏమున్నదో ఒకసారి గుర్తు చేసుకోండి. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో కేంద్రం కట్టవలసిన భారీ ఓడరేవుగా రాసి ఉన్నది దుగరాజపట్నం. దాని తొలి దశ 2018 చివరికి పూర్తి కావాలని కూడా ఆ చట్టంలోనే ఉన్నది. ఆ ఓడరేవు ఆ గడువుకు రాలేదు. రామాయపట్నానికి శంకుస్థాపన 2019 జనవరిలో జరిగింది, మళ్లీ భూమిపూజ చేసి పనులు మొదలుపెట్టింది 2022 జూలైలో. చమురు శుద్ధి కర్మాగారం మాట గట్టిగా వినిపించింది ఇంకా తర్వాత, 2024లో. మీరు పొలం అమ్మిననాడు మీ మండలం ప్రకాశం జిల్లాలో ఉండేది, 2022 ఏప్రిల్‌లో అది నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. ఏ జిల్లాలో ఉంటామో కూడా ముందుగా తెలియని చోట, చట్టంలో రాసి ఉన్న ఓడరేవు రాకుండా పోయి చట్టంలో లేని ఓడరేవు వస్తుందని ముందే తెలుసుకోలేకపోయినందుకు మీరు పదేళ్లుగా మిమ్మల్ని శిక్షించుకుంటున్నారు. చట్టాన్ని నమ్మి, దుగరాజపట్నం ఉన్న వాకాడు వైపు ఎకరాలు కొన్న వారెవరైనా 2016లో మీ తమ్ముడి కన్నా గట్టి ఆధారమే చూపించి ఉండేవారు. వారి ఇళ్లలో ఇప్పుడు ‘కొనకుండా ఉంటే’ అన్న మాట వినిపిస్తూ ఉంటుంది.

‘అప్పుడే నాకు ఎక్కడో అనిపించింది’ అని మీకు తోచవచ్చు. ఆ జ్ఞాపకాన్ని పూర్తిగా నమ్మవద్దు. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనాకూ, మాస్కోకూ వెళ్లబోతున్నప్పుడు, ఇజ్రాయెల్‌లో ఫిషాఫ్, బేత్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు కొందరు విద్యార్థులను ఆ యాత్రల్లో ఏమేమి జరగవచ్చో, ఒక్కొక్కదానికి ఎంత అవకాశం ఉన్నదో అంచనా వేయమన్నారు. యాత్రలు ముగిశాక, మీరు ముందుగా వేసిన అంచనాలను గుర్తు తెచ్చుకుని రాయమన్నారు. జరిగినవాటికి తాము మొదట ఇచ్చిన దానికన్నా ఎక్కువ అవకాశం ఇచ్చినట్లు చాలామంది రాశారు. వారు అబద్ధం ఆడలేదు, నిజంగానే అలా గుర్తున్నది. జరిగినది తెలిసిపోయాక, తెలియనినాటి మనసును తిరిగి తెచ్చుకోవడం మనిషికి చాలా కష్టం. మీరు రాత్రిళ్లు నిలదీస్తున్న 2016 నాటి రైతు నిజానికి అప్పుడు ఉన్న మనిషి కాడు. ఈనాటి వార్తలన్నీ తెలిసి కూడా పొలం అమ్ముకున్న ఒక ఊహామనిషిని తయారు చేసుకుని ఆయనను తిడుతున్నారు.

ఇది నేను పుస్తకాల్లో చదివి మాత్రమే చెప్పడం లేదు. మా అమ్మ జబ్బు పడినప్పుడు ఒక వైద్యుడు వెంటనే ఆపరేషను చేయించమన్నారు, మరొకరు మందులతో కొంతకాలం చూద్దామన్నారు. తోబుట్టువులం మాట్లాడుకుని, చివరి మాట పెద్దదానినని నాకు వదిలితే, ఆపరేషనుకు ఒప్పుకున్నాను. అమ్మ ఇంటికి తిరిగి రాలేదు. మందులతో సరిపెట్టి ఉంటే ఇంకో రెండేళ్లు ఉండేదని దాదాపు మూడేళ్లు నాలో నేను కుమిలిపోయాను. ఒకరోజు అటక సర్దుతుంటే అప్పటి పాల లెక్కల పుస్తకం దొరికింది. దాని చివరి పేజీల్లో ఆ ఇద్దరు వైద్యులు చెప్పిన మాటలు తేదీలతో సహా నా చేతి రాతలోనే ఉన్నాయి. మందులు చాలన్న వైద్యుడు కూడా, నొప్పి పెరిగితే ఆలస్యం చేయవద్దన్నారని అందులో ఉన్నది. ఆపరేషనుకు ముందు వారం అమ్మ రాత్రిపూట పడుకోలేక కూర్చునే ఉండేదని కూడా రాసి ఉన్నది. ఆ రెండు సంగతులూ నా జ్ఞాపకం నుంచి పూర్తిగా జారిపోయాయి. పుస్తకం చదివాక దుఃఖం పోలేదు, అమ్మ లేని లోటు ఇప్పటికీ అలాగే ఉన్నది. కానీ అపరాధం చేశానన్న బరువు మాత్రం ఆ అటక మీదనే దిగిపోయింది.

కాబట్టి మిమ్మల్ని బాధపడవద్దని అనను. తాత తండ్రుల నాటి మూడెకరాలు పోతే బాధ ఉంటుంది, ఉండాలి కూడా. పోయినందుకు కలిగే దుఃఖం వేరు, తప్పు చేశానన్న నింద వేరు. రెండింటినీ కలిపి మోస్తున్నందుకే మీకు నిద్ర లేదు. నిజాయితీగా చూసుకుంటే ఆనాటి పద్ధతిలో చిన్న చిన్న లోపాలు కనిపించవచ్చు. రెండెకరాలు అమ్మితే సరిపోయేదేమో, ఇంకో ఇద్దరిని ధర అడిగి ఉండవలసిందేమో. అలాంటివి దొరికితే దాచుకోకుండా రాసి పెట్టుకోండి, ఈసారి బేరానికి పనికి వస్తాయి. పోర్టు సంగతి మాత్రం ఆ జాబితాలో చేర్చవద్దు. గతజల సేతుబంధనం అని మన పెద్దలు ఊరికే అనలేదు. వెళ్లిపోయిన నీటికి కట్ట వేస్తూ కూర్చున్నవాడికి, ఎగువ నుంచి వస్తున్న నీరు కనిపించదు.

ఇక మీ అమ్మాయి. ‘నీ చదువుకే కదా’ అన్న మాట నోరు జారి వచ్చిందన్నారు. పదేళ్లుగా ఆ ఇంట్లో ఆమె ఆ మాటను వేరే రూపాల్లో వింటూనే ఉన్నదని నా అనుమానం. మీరు పొలం ధర తలచుకుని నిట్టూర్చిన ప్రతిసారీ, ఆ పొలం ఖరీదుకు వచ్చిన వస్తువు తానేనని ఆమెకు అర్థమవుతూ ఉంటుంది. అందుకే ఇప్పుడు అప్పు చేసి పొలం కొంటానంటున్నది. అది ప్రేమే, కాదనను. కానీ తండ్రికి బాకీ పడ్డానన్న భావం నుంచి పుట్టిన ప్రేమ. ఆ అప్పు ఆమె తీసుకుంటే ఇరవై ఏళ్లు నెలనెలా వాయిదా కడుతుంది. మీరు 2016లో ఏ అప్పు బారి నుంచి ఇంటిని కాపాడారో, అదే అప్పును మళ్లీ ఆమె మెడకు కట్టినట్లు అవుతుంది. దయచేసి దీనికి ఒప్పుకోకండి. మీరు వద్దన్నా వినకుండా ఆమె పట్టుపడితే, తన డబ్బు తనకు కావలసినదానికి దాచుకోమని గట్టిగానే చెప్పండి. ఈ ఉత్తరంలో నేను సందేహం లేకుండా చెప్పగలిగిన సలహా ఇదొక్కటే.

మిగిలిన రెండెకరాల విషయంలో తేల్చవలసింది మీరే, అయినా ఎలా తేల్చుకోవాలో నాకు తోచినది చెబుతాను. నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర, బారాషహీద్ దర్గా రొట్టెల పండుగకు మీరు వెళ్లే ఉంటారు. అక్కడ రొట్టె కావాలంటే ముందు ఏ రొట్టె కావాలో చెప్పాలి. విద్య రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, స్వగృహ రొట్టె అని దేని పేరు దానిదే. ఊరికే ‘మంచి జరగాలి’ అంటే ఇచ్చేవారు ఉండరు. నీళ్లలో దిగేలోపు, తనకు ఏమి కావాలో ప్రతి మనిషీ పేరు పెట్టి తేల్చుకోవలసిందే. మీ రెండెకరాల తోటను అమ్మి మీరు తీసుకోబోయే రొట్టె పేరేమిటి? ఇంట్లో ఎవరికైనా వైద్యం చేయించాలా, తీర్చవలసిన అప్పు మిగిలి ఉన్నదా, మీకూ మీ భార్యకూ వృద్ధాప్యానికి నిలకడైన ఆదాయం కావాలా, లేక ఒంట్లో ఓపిక తగ్గి తోటను చూసుకోలేకపోతున్నారా? ఇవన్నీ పేరున్న అవసరాలే, చివరిది కూడా. వీటిలో ఒకటి ఉంటే, ఆ అవసరానికి ఎంత కావాలో అంతవరకు అమ్మడం గురించి ఆలోచించండి. ఏ పేరూ రాకపోతే, అప్పట్లో పోయిన లాభాన్ని ఇప్పుడు రాబట్టుకోవాలన్నదే అసలు కారణమైతే, నా మాటగా చెబుతున్నాను, అమ్మవద్దు. ఆ మూడెకరాలను ఈ రెండెకరాల్లో వెతికితే దొరకవు.

మీ ఉత్తరంలో తమ్ముడు ఉన్నారు, ఊరివారు ఉన్నారు, బేరగాళ్లు ఉన్నారు. మీ భార్య మాట ఒక్కటీ లేదు. ఆ తోటలో మీతో పాటు ఎండలో నిలబడిన మనిషి ఆమె. సలహా అడగవలసిన వారిలో ఆమెను మొదట పెట్టండి. ఆ తర్వాత, అమ్మకం వల్ల లాభమూ నష్టమూ లేని ఒక పెద్దమనిషిని అడగండి. అంతటితో ఆపండి. పది మందిని అడిగితే పదకొండు అభిప్రాయాలు వస్తాయి, వాటిలో ప్రతిదీ రేపు ‘నేను ఆనాడే చెప్పాను’ అవుతుంది.

బేరానికి ముందు తహసీల్దారు కార్యాలయానికి ఒకసారి వెళ్లి మీ సర్వే నంబరు ఏదైనా భూసేకరణ నోటిఫికేషనులో ఉన్నదేమో కనుక్కోండి. మీ ప్రాంతంలో ఇది తప్పనిసరి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషను వెలువడ్డాక, కలెక్టరు ప్రత్యేక అనుమతి లేకుండా ఆ భూమిని అమ్మడం, కొనడం కుదరదు. అలా సేకరించిన భూమికి ఇచ్చే పరిహారానికి నూటికి నూరు శాతం సొలేషియం (ఊరటగా ఇచ్చే అదనపు మొత్తం) కూడా కలుస్తుంది. ఆ సంగతి ముందే తెలిసిన బేరగాడు తొందరపెట్టే అవకాశం ఉన్నది కాబట్టి సంక్రాంతి గడువు ఎవరి అవసరం కోసం పెట్టినదో అడిగి తెలుసుకోండి. గడువు మీది కావాలి గానీ వారిది కాకూడదు. మీరే ఒక తేదీ పెట్టుకుని, ఆ రోజున ఒక తెల్ల కాగితం మీద మీ చేతితో నాలుగు సంగతులు రాయండి: ఈ రోజున నాకు తెలిసినది ఇది, తెలియనిది ఇది, నాకు కావలసినది ఇది, అందుకని ఇలా చేస్తున్నాను. తేదీ వేసి సంతకం పెట్టి, పాసు పుస్తకంతో పాటు దాచండి. పదేళ్ల తర్వాత ఎవరైనా వచ్చి ‘ఆగి ఉంటే’ అన్నా, ‘అమ్మి ఉంటే’ అన్నా, ఆనాటి మీ తరఫున సాక్ష్యం చెప్పడానికి ఆ కాగితం ఉంటుంది.

ఆ తేదీ తర్వాత తలుపు మూసేయండి. బయానా తీసుకుని నాలుగు రోజులకు తిరిగి ఇచ్చాక మీకు ఊరట కలిగిందా? కలిగి ఉంటే నాకు ఈ ఉత్తరం రాసేవారు కారు. హార్వర్డ్‌లో గిల్బర్ట్, ఎబర్ట్ అనే పరిశోధకులు ఫొటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థులను తాము తీసిన రెండు ఫొటోల్లో ఒకటి ఎంచుకోమన్నారు. కొందరికి ఎంచుకున్నది తర్వాత మార్చుకునే అవకాశం ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. 2002లో ప్రచురించిన ఆ పరిశోధనలో, మార్చుకునే వీలున్నవారికే తమ ఫొటో తక్కువగా నచ్చింది. మార్చుకోవచ్చు అన్నంతకాలం మనసు తూకం దించదు. ఇక మారదు అని తెలిసినప్పుడే ఉన్నదానిలోని మంచిని వెతుక్కోవడం మొదలుపెడుతుంది. కాబట్టి అమ్మకూడదనుకుంటే ‘ఈ ఏడాది ఇక ఎవరూ అడగవద్దు’ అని బేరగాళ్లకు చెప్పేయండి, అమ్ముతాననుకుంటే అగ్రిమెంటు రాసుకున్నాక చుట్టుపక్కల ధరలు విచారించడం మానండి. పెళ్లిళ్లలో ఆ పాత మాట ఎత్తేవారితో వాదన వద్దు. ‘ఆనాడు నాకు అప్పు ఉన్నది, తీర్చుకున్నాను’ అని ఒక్క మాట చెప్పి భోజనానికి లేవండి.

నిద్ర సంగతి వేరుగా చెప్పాలి. ఇన్ని ఆలోచించాక కూడా వారాల తరబడి నిద్ర రాకపోయినా, ఆకలి మందగించినా, బ్రతుకు మీద విరక్తి కలుగుతున్నా అది పొలం సమస్యగా మిగలదు, వైద్యం అవసరమైన సంగతి అవుతుంది. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవ ద్వారా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. పొగాకు నష్టాల ఏడాదిని చూసిన జిల్లా మనది, ఈ మాటను మొహమాటం కొద్దీ పక్కన పెట్టకండి.

సంక్రాంతికి మీ అమ్మాయి ఇంటికి వస్తుంది కదా. తోట సంగతి అప్పటికి తేలినా, తేలకపోయినా, 2016 గురించి కూడా అలాంటి కాగితమే ఒకటి రాసి ఉంచండి. అప్పు ఎంత ఉన్నదో, వడ్డీ ఎంతో, ఆ ఏడు ఊళ్లో ఏమి జరుగుతున్నదో, పోర్టు గురించి మీకు ఏమి తెలియదో అన్నీ రాయండి. ‘చదువుకు పోయిన పొలం’ అన్న మాట అందులో రానివ్వకండి. మూడెకరాలతో అప్పు తీరింది, ఇల్లు నిలిచింది, బిడ్డ చదువుకున్నది అని రాసి, ఆమె తోటలో మీ పక్కన ఉన్నప్పుడు చదవమని చేతికి ఇవ్వండి.